సెలవుల్లో మేత

హఫూఫ్‌లో ఖర్జూరాల ఫ్యాక్టరీ వెనక
నా కొలువు కడుగునీళ్ల దగ్గర.
కడిగిన పండు ముందు గేటులో లారీ ఎక్కుతుంది,
కడిగిన నీళ్లు నా దిక్కు వస్తాయి
చల్లారిన చాయ్ రంగులో, తియ్యగా, ఈగలతో.

ట్యాంకులో కంటికి ఆనని మంద.
తీపంతా మేసి నీళ్లను వదిలేస్తుంది.
మా తాత గొర్లను లెక్కబెట్టినట్టు
గాజు జాడీ ముందు అరగంట కూర్చుంటాను,
బురద ఎంత దిగిందో చూసి చెప్తాను
మంద బాగుందా, బక్కచిక్కిందా.

ఈద్‌కి తొమ్మిది రోజులు బంద్.
ఊరెళ్తూ ఇంజనీరు తౌఫీక్
"గాలి మాత్రం ఆపకు" అన్నాడు.
మేత సంగతి మరిచాడు.

నాలుగోనాటికి జాడీలో మసక.
మెట్‌పల్లి నుంచి అక్క పంపిన బెల్లం,
రెండు కిలోలు, మంచం కింద దాచుకున్నది,
బకెట్లో కరిగించి పోశాను.
అంత ట్యాంకుకు అది ఏ మూలకు? తెలుసు.
ఒక్క ముక్క బుగ్గన పెట్టుకున్నాను.

ఇవాళ మళ్లీ బెల్టు తిరిగింది.
తేరిన నీళ్లు కూలింగ్ టవర్ ఎక్కి
లోపల్లోపల రాలుతున్నాయి.
వాటిని ఎవరూ తాగరు,
నేనూ తాగను.
డ్యూటీ దిగాక కాసేపు
గోడకి ఇవతల నిలబడి వింటాను.
ఈ ఊళ్లో వాన చప్పుడు
అదొక్కటే.