పలక చూపించు

మార్కాపురంలో మా రెండో గది.
ఒకప్పుడు పలకలు కోసి చట్రాలు బిగించిన షెడ్డు.
ఏసీ పెట్టకముందు దస్తగిరి మూడు రోజులు ఊడ్చాడు.
నాలుగో రోజు తుమ్మి
"ఇంకా ఉంది మేడం" అన్నాడు.

మొదటి గది ఒంగోల్లో, నా దగ్గర.
పొద్దున ఐదున్నరకి, మళ్లీ సందెవేళ,
కొత్తపట్నం నుంచీ చీమకుర్తి నుంచీ
పాలు క్యాన్లలో, లెక్కలు తీగల్లో వస్తాయి.
ఎవరి గేదె, ఎన్ని లీటర్లు, వెన్న ఎంత.
నేను రాసుకున్నదల్లా పొదిలి మీదుగా పోయి
మార్కాపురం మళ్లీ రాసుకోవాలి,
అదే అంకె, అదే వరస,
ముందుది ముందు, వెనకది వెనక.

ఒకటో తరగతిలో సుబ్బరత్నం టీచరు
ఒక మాట చెప్పి ఆగేది.
రాశామంటే ఒప్పుకునేది కాదు.
"పలక చూపించు."
ముప్పై పలకలు లేచేదాకా
రెండో మాట ఆమె నోట్లోనే ఉండేది.

నేనూ మొదట అట్లాగే పెట్టాను.
మార్కాపురం పలక ఎత్తేదాకా
ఇక్కడ రసీదు పడదు.
పొదిలి దగ్గర రోడ్డు పనోళ్ల జేసీబీ తీగని తుంచిన రోజు
అన్ని ఊళ్లలో క్యాన్లు నిలబడిపోయాయి.
"ముందు రసీదియ్యమ్మా, పాలు విరిగేటట్టుండాయి.
మార్కాపురం నింపాదిగా రాసుకుంటుందిలే"
అన్నారు మేనేజరు మాలకొండయ్య గారు.
నేను ఊ అన్నాను.
ఆ ఊ నాది. ఎవరి మీదా వెయ్యను.

తర్వాత అంతా సాఫీ.
మార్కాపురం రెండు సెకన్లు వెనక నడిచేది,
సంతలో బొమ్మల దగ్గర ఆగి
తల్లి కోసం పరుగెత్తే పిల్లలా.

ఒకసారి నేనే, అరనిద్దర్లో,
కరవది లెక్కలన్నీ చెరిపేశాను.
రెండు సెకన్లకి అక్కడా చెరిగాయి.
నకలు ఎంత విధేయురాలో అప్పుడు చూశాను,
ఎందుకని అడగలేదు.
అప్పట్నుంచీ రోజూ రాత్రి ఒక ప్రతి తీసి
తీగ పీకి బీరువాలో పెడతాను.
దానికి నా మాట వినపడకూడదు.

తుపాను సాయంత్రం ఏడూ ఇరవై.
కాలవ నీళ్లు మా మెట్లెక్కాయి.
తెర మీద వెనకబాటు:
తొమ్మిది, పంతొమ్మిది, ముప్పై.
"ఇక్కడ చినుకు లేదు మేడం,
చుక్కలు కనపడతన్నాయి" ఫోన్లో దస్తగిరి.
నలభై ఒకటి దగ్గర
నా గది ఆరిపోయింది.

"ఇక నువ్వే పెద్ద" అన్నాను ఆ యంత్రాన్ని,
దస్తగిరి చెవిలో.
"ఒంగోలు మళ్లీ లేచినా దాని మాట వినొద్దు.
ఒక లెక్కకి రెండు గొంతులు వద్దు."
తెల్లారి వచ్చిన నాలుగు క్యాన్లూ
మార్కాపురం మీదే పోశారు.
నలభై ఒక్క సెకన్లు మాత్రం
ఎవరి దగ్గరా లేవు.

వరస నంబర్లలో పదకొండు ఖాళీలు.
పదిమంది తడి రసీదులు ఆరబెట్టుకుని తెచ్చారు.
పదకొండోది ఈతముక్కల ఆదెమ్మది, గాలికి పోయింది.
"మూడున్నర. వెన్న ఏడూ రెండు"
అంది, తడుముకోకుండా.
నేను నమ్మలేదనుకుందో ఏమో
చెయ్యి పట్టుకుని పాకలోకి తీసకపోయింది.
పైకప్పు లేదు. పడమటి గోడ ఉంది.
గోడంతా బొగ్గు గీతలు, పూటకో వరస,
చివరి వరసలో మూడు నిలువు, ఒక పొట్టి,
పక్కన ఏడు చుక్కలు, కింద రెండు.
సుబ్బరత్నం టీచరు లేకుండానే
ఆవిడ పలక ఎత్తింది.
నాకే ఎటు చూడాలో తెలియలేదు.

ఇప్పుడు కనిగిరిలో ఇంకో యంత్రం పెట్టాం.
ఇద్దరిలో ఎవరు ముందు పలకెత్తినా సరే,
ఎవరూ ఎత్తకపోతే రసీదు పడదు.
మాలకొండయ్య గారు గడియారం చూసుకుని
అర సెకనుకి పాలు విరగవులే అన్నారు,
ఎవరూ అడక్కపోయినా.

నిన్న దస్తగిరి ఫోను.
షెడ్డు మూల పగలని పలకొకటి దొరికిందట.
"ఏం రాసి చూడమంటారు?"
మూడున్నర అన్నాను. ఆగాను.
అవతల బలపం గీసిన చప్పుడు.
అది ఆగాక
ఏడూ రెండు అన్నాను.