బూడిద తలుపు

ఔలు ఊరి ఆసుపత్రి నేలమాళిగలో
చీకటి గది నా కొలువు.
కణాన్ని వెంట్రుక మందంలో వెయ్యోవంతుగా కోసి
ఎలక్ట్రాన్ల కింద పెట్టి ఫొటో తీస్తాను.

ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను లైసోజోముల్ని,
కణం కడుపులోని పుల్లటి చిన్న సంచుల్ని.
అరిగినదాన్నీ విరిగినదాన్నీ
ఒక పొర మెల్లగా చుట్టి తెచ్చి వాటిలో పోస్తుంది.
ఆకలి రోజున కణం తన సామానే తాను తిని
ఆ రాత్రికి గట్టెక్కుతుంది.
అమ్మ కడుపులో మన వేళ్ళ మధ్య పొరలు చచ్చి
పొరుగు కణాల సంచుల్లో అరిగిపోబట్టే
నేనీ కత్తి పట్టుకోగలుగుతున్నాను.
సంచే చిరిగిందా,
వంటిల్లు ఇంటిని మింగుతుంది.
ఆ పల్చటి పొరని నమ్ముకునే
అందరం నిద్రపోతున్నాం.

నిన్నొక చర్మపు ముక్క వచ్చింది, బార్లీ గింజంత.
చీటీ మీద పేరు లేదు, అంకె ఉంది,
ఊరు ఉంది: సల్లా.
ఆ అంకె ఎవరిదో నాకు తెలుసు.
ముక్క కోస్తున్నప్పుడు ఆ చెయ్యి పట్టుకున్నది నేనే.

డెవలపర్ నీళ్ళలో బొమ్మ తేలింది.
సంచులు, సంచులు, ఉబ్బిన సంచులు,
ఖాళీవేమో అనిపించేంత తెల్లగా నిండిపోయినవి.
నిప్పు బాగానే ఉంది మా ఓస్మోలో.
విరగ్గొట్టడం, అరగదీయడం, అన్నీ సవ్యమే.
చివర్న మిగిలే పులుపు చక్కెర
బయటికి పోవాల్సిన తలుపొక్కటే
పుట్టుకతో బిగుసుకుపోయింది.

శనివారం బస్సులో ఐదు గంటలు.
అమ్మ, ట్యూనె, పొయ్యి ముందు కూర్చుని విన్నది.
"అంటే, బూడిద తియ్యని పొయ్యి" అంది,
మా డాక్టర్లు అరపేజీలో రాసినదాన్ని.
కాసేపయ్యాక,
"బయట్నుంచి ఎవరైనా తియ్యలేరా?"
నేను చేతితొడుగులు వెతుక్కున్నాను.

ఓస్మోకి నలభై ఒకటి. పదకొండు మాటలు వచ్చు.
గోడ పట్టుకుని తూలుతూ లేచాడు.
రోజూ ఈ వేళకి అది అతని పని:
బర్చ్ కట్టెల బూడిద ఇనప బకెట్టులోకి తోడి
గడ్డకట్టిన బాట మీద చల్లడం,
అమ్మ జారిపడకుండా.
సగం గుమ్మంలోనే ఒలికింది.
మిగతా సగం మంచు మీద
పోస్టు డబ్బా దాకా ఒక వంకర గీత.

చీకటి పడ్డాక దాని మీదే నడిచి బస్సు దగ్గరికి వెళ్ళాను.
కాలు జారలేదు.