దుంగ మూలుగు

నిద్రపుచ్చడం నా ఉద్యోగం.
ఈ రాత్రి జీతం మాత్రం
నిద్రపుచ్చనందుకు.

జొంగుల్డాక్‌లో వాన. నల్లసముద్రం
ఆసుపత్రి గోడదాకా వచ్చి తిరిగిపోతున్నట్టుంది.
బల్లమీద సాతిల్‌మిష్, డెబ్బై నాలుగేళ్లు,
అందులో ముప్పైయొకటి బొగ్గుగనికి.
నుదుట నీలి మచ్చలు, చర్మం కిందే ఉండిపోయిన గని.
గజ్జల్లో పేగు చిక్కుకుంది, తెల్లారేదాకా ఆగదు.
వెల్లకిలా పడుకోలేడు, వీపు కింద మూడు దిండ్లు.
కొండవాలు మీద కోస్తున్నట్టుందని తున్‌జాయ్ సణుగుడు.

లోపలి మసి ఎక్స్‌రేలో తెల్లగా పడింది.
గుండెలోంచి నెత్తురు బయటికొచ్చే దారి
చొక్కా కాజా అంత.

మత్తిచ్చి గొట్టం వేస్తే మర ఊపిరి పోస్తుంది, నిజమే.
ఆ మర దగ్గర్నుంచి ఈయన్ని విడిపించుకు రావడం
నా చేతిలో లేదు.
వెన్నులో సూది దింపితే
రక్తపోటు చేద జారినట్టు జారుతుంది.
ఇక మిగిలింది చర్మం కింద, పొర తర్వాత పొర,
కాస్త కాస్త తిమ్మిరి మందు,
వాయిదాల్లో అప్పు తీర్చినట్టు.

"పేరేంటి తాతా?" తెలిసే అడుగుతాను.
మాట తెగనంతసేపూ ఊపిరి తెగదు.
"సాతిల్‌మిష్. అమ్ముడుపోయినవాణ్ని.
ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదు.
అమ్మేశాం, వీడు మావాడు కాడని
మృత్యువుతో అబద్ధమాడింది అమ్మ."
నాలుగు మాటలకొక ఊపిరి.
"తర్వాత గని కొనుక్కుంది."

యంత్రం కూస్తోంది. నేను అంకె చూడను, వింటాను.
ఆక్సిజన్ తగ్గితే స్వరం ఒక మెట్టు దిగుతుంది.
"నువ్వూ చెవితోనే చూస్తావా" అన్నాడు.
"కప్పు కింద పైన్ దుంగలే కావాలనేవాళ్లం.
ఇనుము చెప్పకుండా విరుగుతుంది.
పైన్ ముందు మూలుగుతుంది."

తున్‌జాయ్ తిత్తిని పట్టి లాగాడు.
కూతకీ కూతకీ మధ్య
మనిషి నడిచిపోయేంత ఖాళీ.
"వదులు" అన్నాను. అరవలేదు.
వదిలాడు.
ఒకటి.

మళ్లీ ఒకటి.
ఆ తర్వాతవి షిఫ్టు దిగినవాళ్లలా
ఒకదాని భుజమ్మీద ఒకటి చెయ్యేసుకుని వచ్చాయి.

నాలుగింటికి, ఆఖరి కుట్టు పడుతుండగా, గురక.
ఉలిక్కిపడి వంగి చూశాను.
నా మందేమీ లేకుండా
తనంతట తనే నిద్రపోయాడు.
రేపటి సంగతి నాకు తెలీదు.
కుర్చీ దగ్గరికి లాక్కుని
వింటూ కూచున్నాను.