చుక్కల లెక్క

ప్రెషర్ కుక్కర్ మూడు కూతలు కూసింది.
లోపల పప్పు కాదు,
సిట్రేటు నీళ్లల్ల గాజు స్లైడ్లు.
నల్లగొండల మా ల్యాబుకు
చీకట్ల మెరిసే రంగుల మైక్రోస్కోపు లేదు.
గోధుమరంగుతోనే ఎల్లదియ్యాలె.

పోయిన వారం జానీమియా దుకాణంల
రెండు కార్జం ముక్కలు అడిగి తెచ్చిన.
ఒకటి కడుపునిండ మేసిన మేకది.
ఇంకోటి దేవరకొండ దిక్కుకెల్లి
రెండు దినాలు మేత లేక లారీల నిలబడి వచ్చినదానిది.

ఆకలైన కణం
తన ఇంట్ల పాత సామానే పొయ్యిల పెడ్తది.
ఒక్కో పొయ్యి ఒక్కో గోధుమ చుక్క.
చింతగింజలు పక్కకు జరుపుకుంట లెక్కవెట్టిన:
మేసినదానికి కణానికి నాలుగు,
పస్తున్నదానికి పందొమ్మిది.

గెలిచిన అనుకున్న.

పిచ్చమ్మ మేడం అద్దంలకెల్లి తల ఎత్తకుండనే అడిగింది:
"చుక్కలెక్కువంటే బాగ తింటున్నట్టా,
తిన్నది అరగక ఆగినట్టా?
గల్లీల చెత్తకుప్పలు లెక్కవెడితే
ట్రాక్టర్ వచ్చిపోయిందో లేదో తెలుస్తదా?"

తెల్వది.
చెత్త మోసే ప్రొటీన్ కరిగిందా, మిగిలిందా,
ఇంకో స్లైడు మీద ఇంకో యాంటీబాడీ.
గింజలన్ని మళ్ల డబ్బల పోసిన,
కుక్కర్ ఎక్కిచ్చిన.

మొదటి కూతకు యాదికొచ్చింది,
పొద్దటిసంది నేనేం తినలేదని.