బానలో గొంతు

మా ఇమెరేతిలో బానలకు కుదురుండదు.
కాలి రాగానే భూమిలో పాతేస్తారు, మెడదాకా.
మనిషి నిలువుకన్నా లోతు.
చలికాలమంతా ద్రాక్షరసం అందులో
తనలో తాను గొణుక్కుంటుంది.

నూగ్జార్ వాటిని చేస్తాడు.
రోజుకు జానెడు గోడ. అంతకు మించి లేపితే
తడిమట్టి తన బరువుకు తానే కూలుతుంది.
మిగతా పొద్దంతా ఏం చేస్తావని
పెళ్లయిన కొత్తలో అడిగాను.
"ఆరనిస్తాను" అన్నాడు.
అదీ ఒక పనేనని ఒప్పుకోడానికి
నాకు పదకొండేళ్లు పట్టింది.

నేను వాటిని కడుగుతాను.
నడుం సన్నగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టాను,
ఇప్పుడు మూతి దగ్గర ఊపిరి బిగబట్టి దిగాలి.
చెర్రీ బెరడు కుంచె, బకెట్టు, కొవ్వొత్తి.
ఒకటే నియమం:
లోపలున్నంతసేపూ గొంతు ఆగకూడదు.
పులిసిన గాలి మనిషిని జోకొట్టి పడుకోబెట్టి
లేపడం మరిచిపోతుంది.
మాట ఆగిందంటే పైనున్నవాడు తాడు లాగాలి.

మొదటి ఏడు చర్చి పాటలు పాడాను.
రెండో ఏటికి అవి అయిపోయాయి.
అప్పుల లెక్కలు అప్పజెప్పాను,
కోళ్లను పేరుపేరునా తిట్టాను,
అత్తగారినీ తిట్టాను. తాడు పట్టుకున్నది ఆవిడేనని
తాడు విసురుగా కదిలాక తెలిసింది.
ఆ తరవాత ఒక ఆకురాలు కాలంలో, ఎందుకో,
ఎవరివీ కాని మాటలు వచ్చాయి.
"నత్త తన ఇంటిని మోసుకెళ్తుంది,
నా ఇల్లు నన్ను మింగి పాడించుకుంటోంది."
బాన వాటిని పుచ్చుకుని
పదింతలు చేసి నా నెత్తిన పోసింది.
ఇంత గొంతు నాదేనా అని
కుంచె ఆపి నిలబడిపోయాను.

పక్కింటి గులీకో అడుగుతుంది:
ఆ చీకట్లో, ఆ ఇరుకులో, భయం వెయ్యదా?
ఇరుకంటావా గులీకో,
అంత పెద్ద వంటింట్లో నువ్వు ఒక్కనాడైనా
నీ మాట నువ్వు విన్నావా?
అనలేదు.
చలిగా ఉంటుంది, అంతే, అన్నాను.

మనవరాలు తేకా ఒకసారి
మూతి దగ్గర ఫోను పట్టుకుని కూచుంది.
అందులో వినబడింది ఎవరో ముసలిది,
డబ్బాలో పడిన తేనెటీగలా.
తీసేయమన్నాను.
ఆ పాటలు బయట నిలబడవు.
అందుకు బాధపడదామని చూశాను. రాలేదు.

పోయిన ఏడు నూగ్జార్‌కి రెండో చెవీ పోయింది.
ఏడేసి రోజుల ఆవం మంట, దాని హోరు,
నలభై ఏళ్లు విన్నాడు మరి.
ఇకనుంచి పైన నేను నిలబడతానన్నాడు కొడుకు బేసో.
అతను తల అడ్డంగా ఊపాడు.
మోకాళ్ల మీద కూచుని
బాన అంచున అరచెయ్యి ఆనించాడు.

దిగాను. కొవ్వొత్తి నిలకడగా వెలిగింది.
ఇప్పుడు ఏమైనా అనొచ్చు.
బస్సు డ్రైవరు ఒకడు నాకోసం
ముందు సీటు అట్టేపెట్టిన వేసవి సంగతి,
మా రెండో బిడ్డ పోయిన రాత్రి
ఇతను మట్టి పిసకడానికి వెళ్లిపోయాడని
ఇప్పటికీ చల్లారని కోపం.
అన్నీ అన్నాను.
మెల్లగా కాదు.
గోడ వణికింది. అతని మట్టే,
రోజుకు జానెడు చొప్పున, నా చుట్టూ.

పైకొచ్చేసరికి
చెయ్యి ఇంకా తియ్యలేదు.
వేళ్లు అదురుతున్నాయి. వయసేమో.
"ఈసారి పాట పొడుగైంది" అన్నాడు,
చెవిటివాళ్లు అరిచినట్టు అరిచి,
ఊరంతా వినేలా.

కుంచె దులిపాను.
ఇంకా మూడు బానలున్నాయి.