తియ్యని నక్షత్రం

డిసెంబర్ ఇరవై ఆరు పొద్దుగాలనే
మెట్టుగూడ సందుల నక్షత్రాలు దిగుడు మొదలైతది.
కర్ర ఒకరిది, వైరు ఒకరిది,
బల్బు ఎవరిదో తేలక చిన్న పంచాయితీ.
కేకు డబ్బాలల్ల అప్పటికే ఆవాలు, జీలకర్ర.

మేడమీది గదిల హిరుత్ ఉంటది.
ఇథియోపియా పిల్ల. తార్నాక అవతల యూనివర్సిటీల చదువు.
సుగుణమణి అనే నా పేరు ఆమె నోట్ల "సుగ్గునా".
దిద్దలేదు. కువైట్ల పదకొండేండ్లు
నన్ను "సూజీ" అని పిలిచిండ్రు, నేనూ పలికిన.

పండుగ నాడు ప్లేటు పట్టుకొని మెట్లెక్కిన:
బగారన్నం, తునకల కూర, నాలుగు గులాబి పువ్వులు.
రెండు చేతులతోని అందుకున్నది.
అందుకొని, కూరగిన్నె పక్కకు జరిపింది.
"ఉపవాసం ఆంటీ. ఇంకా పదమూడు రోజులు."

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
క్రిస్మస్ నాడు ఉపవాసమేంది?
ఈ గిన్నె జరుపుడు నేను ఎన్ని ఇండ్లల్ల చూడలేదు.
మా ఆయన పేపరు మడవకుండనే
"అడిగి చూడరాదు" అన్నడు.

అడిగిన.
వాళ్ల పండుగ జనవరి ఏడట.
రోజులే కాదు, ఏండ్లు కూడ వెనుకనట,
ఏడో, ఎనిమిదో.
"అయితే మీ ఊళ్ల నాకింకా మోకాళ్ల నొప్పి రానేలేదు" అన్న.
నవ్వింది. నవ్వుకుంటనే చెప్పుకొచ్చింది:
తెల్లటి పలచటి బట్ట తలమీంచి కప్పుకొని
తెల్లారేదాక గుడిల నిలబడుడు,
కరిగిన మైనం వేళ్లమీద గడ్డకట్టుడు,
వంకర కర్రలతోని మగపిల్లల బంతాట, ఆ దుమ్ము.
కోడికి పన్నెండు ముక్కలే, పదమూడైతే అమ్మ ఊకోదట.
కాఫీ గింజలు వేయించి, పొగలు పోతుంటనే
ఆ పెనాన్ని ఒక్కొక్కరి ముక్కు కాడికి తెచ్చుడు.
"ఇక్కడ ఆ రోజు నాకు పరీక్ష" అన్నది చివరికి.

నేను చెప్పనిది ఒకటున్నది.
సాల్మియాల, మేడమ్ పిల్లలకు సమోసాలు వేయించుకుంట
నూనె చప్పుట్ల దాచి
పెదవి కదలకుండ పాడుకున్న పాట.
మా గుడి శుక్రవారమే తెరిచేది.
ఏసయ్య ఏ రోజు పుట్టినా శుక్రవారందాక ఆగాలె.
ఫోన్ల మా పిన్ని డప్పు వినిపించేది,
కార్డుల పైసలు అయిపోయేదాక.

కిందికొచ్చి మా ఆయనకు చెప్పిన:
నక్షత్రం తియ్యకు.

సందంత అడిగింది.
"కరెంటు బిల్లు మీకు ఉత్తగనే వస్తదా?" అన్నది పాస్టరమ్మ.
ఒకటో తారీఖు పోయింది. మూడు పోయింది.
పతంగుల దుకాణాలు లేచినయి.
ఒక పచ్చ పతంగి తెగొచ్చి నక్షత్రం తోకకు చిక్కితే
పక్కింటి ఫిన్నీగాడు గోడెక్కి పతంగినే తీసుకున్నడు.
"ఇది తియ్యనిది కద" అన్నడు నక్షత్రాన్ని చూసి.
నేను వేరే తీరు విన్న.

ఆరో తారీఖు రాత్రి మేడమీద అడుగుల చప్పుడు లేదు.
ఫోన్ల వాళ్ల గుడి పెట్టుకొని
గదిల ఒక్కతే నిలబడ్డదట, తెల్లారేదాక.
పొద్దున పరీక్షకు పోయింది.

నేను కోడి దుకాణానికి పోయిన.
"పన్నెండు ముక్కలు, లెక్కబెట్టు."
"బిర్యానీకా, కూరకా?" అన్నడు అజహర్.
"క్రిస్మస్‌కు."
కత్తి ఆపి క్యాలెండర్ దిక్కు చూసిండు.

కూర కుదరలేదు. వాళ్ల కారం వేరు, మన మసాలా వేరు.
రొట్టె బదులు రెండు రోజులు పులిసిన పిండితోని దోశె.
హిరుత్ ఒక తుంట తెంపింది, కూరల అద్ది చుట్టింది,
తన నోటికి కాదు, నా నోటికి తెచ్చింది.
వాళ్ల ఊళ్ల అట్లనేనట, ముద్ద మొదలు ఎదుటి మనిషికే.

పులుపు. ఉప్పు జర ఎక్కువే.
కండ్లల్ల నీళ్లొస్తే కారం మీదికి తోసిన.
మీద బల్బు ఆరి, మళ్ల వెలిగింది.
వైరు సామేలుది, దినాం అడుగుతుండు.
రేపిస్త.