పది దగ్గర చెయ్యి ఆగింది

ఓందారోవా రేవులో మార్చి నెల.
నెత్తళ్ళు వచ్చే కాలం.
మేం ముగ్గురం ఆడవాళ్ళం
గట్టు మీద కాళ్ళు చాపుకుని
చిరిగిన వలల్ని ఒళ్ళో వేసుకుంటాం
జ్వరమొచ్చిన పిల్లల్ని వేసుకున్నట్టు.

వల బాగుచెయ్యడమంటే ముందు సూది కాదు,
ముందు తడమడం.
ఒక్కో కన్నునీ వేళ్ళ మధ్య నుంచి పోనివ్వాలి.
వలకున్నన్ని కళ్ళు నాకు లేవు, వేళ్ళే ఉన్నాయి.
తొందరపడితే చిరుగు దాటిపోతుంది,
మర్నాడు దాన్ని సముద్రం కనిపెడుతుంది.

షాంతి ఫాదర్ చెప్పిందీ ఇదే.
లొయోలాలో ముసలి గురువులుండే ఇంట్లో
దుప్పట్లు ఉతికే రోజుల్లో
ఆయనకి చారు తాగించేదాన్ని.
ప్రార్థన రాదు ఫాదర్, అన్నాను ఓసారి,
మోకరిస్తే నడుంనొప్పి తప్ప ఏదీ గుర్తుకు రాదు.
గడ్డం మీద కారిన చారు తుడుచుకోకుండానే
"మీ అమ్మ వలలు బాగుచేసేది కదూ" అన్నాడు.
"పడుకునే ముందు రోజుని ఒళ్ళో వేసుకో.
పొద్దుటి కొస పట్టుకుని తడుముకుంటూ రా.
గట్టిగా ఉన్న చోట్లకి ముందు దండం పెట్టు,
చిరుగులు వాటంతటవే చేతికి తగులుతాయి.
దీపం పట్టుకునేవాడు పక్కనే ఉంటాడు.
ఆయన మొహం వంక చూడక్కర్లేదు,
ఆ వెలుతురులో నీ పని చూసుకో."

ఆయన పోయి పదకొండేళ్ళు.
నేనింకా తడుముతూనే ఉన్నాను,
చాలా రాత్రులు సగంలోనే నిద్ర పట్టేస్తుంది.
కోల్డో పోయాక ఏడాదిన్నర
నా వల వట్టి తాడు. చేప లేదు, తడి లేదు.
అప్పుడూ ఫాదర్ మాటే:
చీకట్లో పడవ దిక్కు మార్చకు.
మార్చలేదు. అంతే. అందులో గొప్పేం లేదు.

ఈ రాత్రి వాన. కిటికీ రెక్క సరిగ్గా పడదు.
పొద్దున్న ఆరు: కాఫీ గిన్నె, రెండు అరచేతులకీ వెచ్చదనం. ఉన్నాడు.
ఏడు: నెకానె కూతురికి పాలపన్ను ఊడిందట,
రుమాల్లో చుట్టి తెచ్చింది, ముగ్గురం నవ్వాం. ఉన్నాడు.
ఎనిమిది: మాట లేని పని. సూది తనే నడిచింది.
అక్కడా ఉన్నట్టే ఉంది.

పది దగ్గర చెయ్యి ఆగింది.

ఎంబాయ్ వల తెచ్చాడు.
సెనెగల్ కుర్రాడు, రెండేళ్ళుగా ఇజార్రా పడవ మీద.
నడిసముద్రంలో చిరిగితే తనే ముడేశాడు.
మా ముడి కాదు, ఏదో మెలిక,
రెండు చుట్లు తిరిగి వెనక్కొచ్చేది.
"ఎవరు నేర్పారు నీకీ చెత్త?" అన్నాను.
అతని ఎదుటే కత్తెరతో తెగ్గోశాను.
"మా అమ్మ" అన్నాడు.
వినబడింది. విననట్టు దారం కొరికాను.

ఆ ముడితోనే కదా పడవ నిండుగా వచ్చింది.
ఒక్క చేపా జారలేదని సరంగు అన్నాడు.
అదీ విన్నాను.

ఇన్నేళ్ళూ ఆయన్ని
కాఫీ గిన్నెలో, పాలపన్నులో వెతుక్కున్నాను.
ఆయనేమో పొద్దున్న పదింటికి
నా కత్తెర కింద ఉన్నాడు,
కయార్ ఒడ్డున ఎవరో తల్లి నేర్పిన మెలికలో.

లేచాను. నైటీ మీద రెయిన్‌కోటు.
రేవు చెత్తడబ్బాలో తాడుముక్కలు, సిగరెట్ పీకలు,
నారింజ తొక్కలు.
దొరికింది.
వంటింటి దీపం కింద విప్పి చూశాను.
రెండు చుట్లు, వెనక్కి, కిందనుంచి...
మూడుసార్లు వేశాను. మూడుసార్లూ జారింది.

అరవై మూడేళ్ళ చేతులు.
రేపు అతన్నే అడగాలి.
ముందు క్షమాపణ, తర్వాత ముడి.
లేదా ముడి నేర్పమంటే
అదే క్షమాపణ అవుతుందేమో, తెలీదు.

తాడుముక్క దిండు పక్కన పెట్టుకున్నాను.
నెత్తళ్ళ వాసన.
మధ్యాహ్నమంతా ఇంకా తడమాల్సే ఉంది.
నిద్రొస్తోంది.
దీపం ఆయనే ఆర్పుకుంటాడులే.